నాలుగో సభ్యుడు

పోయిన ఏడు నెలల్లో మా ఆయన పద్నాలుగు సార్లు క్షవరం చేయించుకున్నారు. ఇరవై మూడు సార్లు ఈతకు వెళ్ళారు.

ఆయన చనిపోయి ఏడు నెలలైంది.

ఈ సంగతి ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, పళ్ళ ల్యాబులో బయటపడింది. డాక్టర్లు పంపే అచ్చుల్లోంచి పళ్ళ సెట్లు తయారుచేయడం నా ఉద్యోగం. చేతులకు గులాబీ రంగు మైనం ఇంకా అంటుకునే ఉంది. ఎదురుగా లాప్‌టాప్. పక్క బల్ల మీద ప్లాస్టర్ కలిపే పెద్దావిడ, మేమంతా ప్లాస్టరక్క అని పిలిచే మనిషి, నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఇంకా తేల్చలేదా తల్లీ? పెళ్ళికొడుకుని చూడటానికి కూడా ఇన్ని రోజులు తీసుకుని ఉండవు."

"ఆయన్ని పది నిమిషాల్లో ఒప్పుకున్నా అక్కా. ఇది అంతకంటే కష్టంగా ఉంది."

తేల్చాల్సింది ఇంటి ఖర్చుల సాఫ్ట్‌వేర్. తొమ్మిదేళ్ళుగా మేము వాడుతున్న ప్రోగ్రామును దాని కంపెనీ మూసేస్తోంది. వచ్చే సోమవారం నుంచి తెరుచుకోదు, ఈలోగా పాత లెక్కలు దించుకుని కొత్తదాంట్లోకి ఎక్కించుకోండని మెయిలు పంపారు. ఒక జీతం, ఒక పెన్షను మీద నడుస్తున్న ఇల్లు మాది. లెక్క తప్పితే ఇరవయ్యో తారీఖుకే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. మూడు రకాలు చూసిపెట్టుకున్నాను. నీలం రంగుది బ్యాంకువాళ్ళది, ఒక్క మనిషికే పనికొస్తుంది. పచ్చది ఉచితం, ముగ్గురు వాడుకోవచ్చు, ఎవరు ఎక్కడ ఏ నిమిషంలో ఎంత ఖర్చుపెట్టారో ముగ్గురికీ కనిపిస్తుంది. మూడోదానికి నెలనెలా డబ్బు కట్టాలి. దాని వివరాలు అప్పటికి సరిగా చదవలేదు.

"పచ్చది తీసుకో" అంది ప్లాస్టరక్క. "మీరు ముగ్గురేగా."

అవును, ముగ్గురమే. నేను, మామయ్యగారు, పదిహేనేళ్ళ మా అమ్మాయి. పచ్చదాన్నే ఖాయం చేసుకుని, పాత లెక్కలు దించే మీట నొక్కాను. తొమ్మిదేళ్ళ ఖర్చు ఒకే జాబితాగా పడింది. అన్నిటికంటే కొత్తవి పైన ఉన్నాయి.

ఆదివారం, ఉదయం 7.05, ఈత కొలను, ముప్పై.

దాని ఎదురుగా, ఖర్చుపెట్టిన మనిషి గడిలో, మా ఆయన పేరు.

కిందికి జరిపాను. అంతకుముందు ఆదివారం. దాని కింద గురువారం, 11.20, క్షవరశాల, ఎనభై. మళ్ళీ ఆదివారం. మళ్ళీ ఆదివారం. మళ్ళీ గురువారం.

"ఏమైంది? మొహం ప్లాస్టర్‌లా అయిపోయింది" అంది అక్క.

"ఏం లేదక్కా" అని లాప్‌టాప్ మూసేశాను.

మా ఇంటి పద్ధతి చెప్తే తప్ప, ఇన్ని నెలలు నాకెందుకు తెలియలేదో అర్థం కాదు. బ్యాంకు ఖాతా నా పేరు మీద ఉంది. దానికి నాలుగు చిన్న కార్డులు. ఒకటో తారీఖున ఒక్కో కార్డులోకి కొంత మొత్తం దానంతటదే వెళ్తుంది. దాన్ని మేము 'జేబు' అంటాం. వంటగది గోడకున్న ట్యాబ్ మీద నాలుగు జేబుల్లో ఎంతెంత మిగిలిందో నాలుగు అంకెలు కనిపిస్తాయి. అంతే. లోపలి ఖర్చులు ఎవరూ తెరిచి చూడకూడదు, దేనికని అడగకూడదు. అది మా ఆయన పెట్టిన మొదటి నియమం. పెళ్ళైన కొత్తలో ఒక జత చెప్పుల గురించి నేను వేసిన పదకొండు ప్రశ్నల ఫలితమది.

రెండో నియమాన్ని ఆయన ప్రోగ్రాముకే నేర్పారు. మూడు నెలలు కదలిక లేని పద్దు దానంతటదే మూతపడాలి. "వాడని పద్దుని బతికున్నట్టు నటించనివ్వకూడదు" అనేవారు. నా సంగీతం క్లాసు అలాగే మూతపడింది. మామయ్యగారి చదరంగం క్లబ్బూ అంతే. మూతపడినప్పుడల్లా అందరి ఫోన్లలో చిన్న గంట మోగేది.

ఆయన పోయాక ఆ కార్డుకు వెళ్ళే మొత్తాన్ని ఆపాలని ఎన్నోసార్లు అనుకున్నాను. వేలు కదల్లేదు. గోడ మీది నాలుగో అంకె వైపు చూడకుండా నీళ్ళు తాగడం అలవాటు చేసుకున్నాను. మూడు నెలలు దాటినా గంట మోగలేదన్న సంగతి కూడా గమనించలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తిన్నగా ఆయన బల్ల సొరుగు లాగాను. మా ఆయన కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షించేవారు. ఒక ముసలావిడకు గోడ మీది అక్షరాలు చూపిస్తూ, నాలుగో వరుస దగ్గర ఆగిపోయారు. షాపువాళ్ళు తెచ్చిచ్చిన సామానంతా ఆ సొరుగులోనే ఉంది. అద్దాలు తుడిచే గుడ్డ, గింజంత స్క్రూలు, పర్సు.

పర్సులో కార్డు ఉంది.

కానీ ఆయన కార్డును ఎప్పుడూ బోర్లా పెట్టేవారు. ఇప్పుడది వెల్లకిలా ఉంది.

దొంగ అయితే ఒక్క రోజులో ఊడ్చేస్తాడు. వారం వారం ఈత కొట్టి, రెండు వారాలకోసారి బుద్ధిగా జుట్టు కత్తిరించుకుని, కార్డు తెచ్చి పర్సులో పెట్టే దొంగ ఉంటాడా? ఆదివారం ఏడింటికి ఈత. గురువారం, షాపుకు సెలవు రోజున, పదకొండు దాటాక క్షవరం. పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఆయన తప్పని రెండు పనులు అవి.

కార్డును ఉన్నట్టే పెట్టి సొరుగు మూశాను. నిజం చెప్పాలంటే, నన్ను భయపెట్టింది దెయ్యం కాదు. ఆరా తీస్తే ఒక మామూలు కారణం బయటపడుతుందేమోనని భయం.

మర్నాడు భోజనాల దగ్గర, మామూలుగా అన్నట్టు అన్నాను. "పచ్చదే తీసుకుందామనుకుంటున్నా. ఉచితం. ముగ్గురికి సరిపోతుంది."

మామయ్యగారి చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది. ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరు. ఇంట్లో కూడా చివరి సీటు దాకా వినపడేలా మాట్లాడతారు.

"ముగ్గురేంటి అమ్మాయ్? నలుగురికి టికెట్లు కొట్టి, మధ్యలో ఒకణ్ణి దింపేసి రైట్ అంటావా?"

"తాతయ్యా, ఇది బస్సు కాదు" అంది మా అమ్మాయి. దాన్ని వాళ్ళ నాన్న కందిరీగ అనేవారు, ఇప్పుడు అందరం అదే అంటాం. ఎప్పుడూ తాతయ్య మీద గెలిస్తే నవ్వే పిల్ల, ఆ రోజు నవ్వలేదు. "అమ్మా, పచ్చదాంట్లో అందరి ఖర్చులూ అందరికీ కనిపిస్తాయా?"

"కనిపిస్తాయి. టైముతో సహా. పాతవి కూడా."

"అయితే వద్దు."

"ఏం, అంత దాచాల్సినవి ఏం కొంటున్నావేంటి?"

"చూశావా, అడిగేశావు! మనింట్లో అడక్కూడదు." కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

మామయ్యగారు గ్లాసు దించి, గోడ మీది ట్యాబ్ వైపు చూశారు. నాలుగో అంకె వైపు. ఆ చూపు నాకు తెలుసు. స్టాపులో బస్సు కోసం చూసే చూపు.

గురువారం ఒక పూట సెలవు పెట్టాను. పదకొండుంపావుకు క్షవరశాల ఎదురుగా ఉన్న మందుల షాపు నీడలో నిలబడ్డాను. రెండు కుర్చీల చిన్న కొట్టు అది. అద్దం మీద తడి మరకలు, లోపల సన్నగా రేడియో. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మా ఆయన ఎప్పుడూ ఆ కుర్చీయే అడిగేవారు.

పదకొండూ ఇరవైకి నేను మందుల షాపతనికి దారి ఇవ్వడానికి పక్కకు జరిగి, మళ్ళీ తలెత్తేసరికి ఆ కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. మెడ దాకా తెల్లగుడ్డ. మంగలి అడ్డుగా ఉండి తలా మొహం నాకు కనిపించడం లేదు. మంగలి చేతిలో కత్తెర ఆడుతోంది. టిక్ టిక్ మని రోడ్డు దాకా వినిపిస్తోంది. కానీ తెల్లగుడ్డ మీద ఒక్క వెంట్రుక కూడా రాలడం లేదు.

రోడ్డు ఎలా దాటానో గుర్తులేదు. తలుపు తోశాను.

అద్దంలోంచి మామయ్యగారు నన్ను చూశారు.

మామయ్యగారిది నున్నటి బట్టతల. నా పెళ్ళినాటికే అంతే. ఆ తల చుట్టూ జానెడు దూరంలో మంగలి గాలిని కత్తిరిస్తున్నాడు.

"నా తప్పేం లేదు చెల్లెమ్మా" అన్నాడు కత్తెర దించి. "ఊరికే కూర్చుని వెళ్ళండి పెద్దాయనా, డబ్బులొద్దు అంటే వినడు. కార్డు గీకాల్సిందే అంటాడు. పని చేయకుండా డబ్బు తీసుకుంటే నాకు అన్నం సహిస్తుందా? అందుకని ఇలా కాసేపు..."

"నువ్వు కాసేపు బయటికెళ్ళు నాయనా" అన్నారు మామయ్యగారు. ఆ మాట చివరి సీటు దాకా కాదు, పక్క కుర్చీ దాకా కూడా వినపడలేదు.

ఇద్దరం మిగిలాం. నేను రెండో కుర్చీలో కూర్చున్నాను. ఒకరి వైపు ఒకరం చూసుకోకుండా, ఇద్దరం అద్దంలోకే చూస్తూ మాట్లాడుకున్నాం.

"మూడు నెలలు కదలకపోతే ఆ మిషను గంట కొట్టి మూసేస్తుంది అమ్మాయ్. ఆ గంట నేను వినలేను. అందుకని మొదలుపెట్టాను."

"మూడు నెలలకోసారి వస్తే సరిపోయేది కదా మామయ్యగారూ."

"వాడు రెండు వారాలకోసారి వచ్చేవాడు." ఒళ్ళో తెల్లగుడ్డ సర్దుకున్నారు. "నా సంగతి వదిలెయ్. నీకో మాట చెప్పనా? నేను తీసేది ఎనభై. ఆ అంకె ఎనభై కంటే ఎక్కువ తగ్గుతోంది."

నేను చేతిసంచీ ఒళ్ళోకి లాక్కున్నాను.

"చిల్లర లెక్కలో నేను తప్పను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క రోజు సంచీ తక్కువ రాలేదు. నేను మొదలుపెట్టిన నెల తర్వాత, ఒక ఆదివారం పొద్దున ముప్పై తగ్గింది. మళ్ళీ వారం ముప్పై. ఆదివారం పొద్దున వాడెక్కడికెళ్తాడో నీకు తెలియదా?" అద్దంలో ఆయన కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. "నేను ముసలాణ్ణే. పిచ్చివాణ్ణి కాదు. కారణం ఏదో ఉంటుంది. కానీ అడిగానే అనుకో, ఎవరో ఒకరు జవాబు చెప్పేస్తారు. ఆదివారం పొద్దున లేచి ఆ అంకె ముందు నిలబడతాను చూడూ, ఆ అరగంట పోతుంది. నువ్వు కూడా అడక్కు."

గుడ్డ విప్పుకుని, లేని జుట్టు దులుపుకున్నారు. నా జవాబు కోసం చూడలేదు. కార్డు గీకి వెళ్ళిపోయారు. ఫోన్లో నాకెలాంటి కబురూ రాలేదు. గోడ మీద మాత్రం ఈపాటికి ఎనభై తగ్గి ఉంటుంది.

జాబితాలో సగం దెయ్యం తేలిపోయింది. మిగతా సగం ఎవరో నాకు అప్పటికే సగం తెలుసు. ఆదివారం ఉదయం 'పరుగుకు వెళ్తున్నా' అని కందిరీగ బయల్దేరిన పది నిమిషాలకు నేనూ బయల్దేరాను.

కొలను నాలుగు గోడల మధ్య ఉంటుంది. లోపల అడుగుపెడితే వెచ్చటి ఆవిరి, నీళ్ళలో కలిపే మందు వాసన. అరుపులు పైకప్పుకు తగిలి, ఎవరివో తెలియకుండా తిరిగొస్తాయి. పైన చూసేవాళ్ళకు బెంచీలున్నాయి. అక్కడ చివర మా అమ్మాయి కూర్చుని ఉంది, బూట్లు కూడా విప్పకుండా. చేతిలో రెండు టికెట్లు.

నన్ను చూసి అదిరిపడలేదు. జరిగి చోటిచ్చింది.

"తాతయ్య చెప్పాడా?"

"తాతయ్యకి తెలియదు. రెండెందుకే?"

"నాది నా జేబులోంచి. ఇది నాన్నది." ఒక టికెట్ పైకెత్తింది. "ఆ నెలలో నాన్న అంకె ఎనభై తగ్గింది. మళ్ళీ రెండు వారాలకి ఇంకో ఎనభై. కటింగ్ రేటు నాకు తెలియదా ఏంటి? సరే, కటింగ్‌కి వెళ్తున్నారంటే ఇక్కడికీ వస్తారేమో అనుకున్నా. వస్తే టికెట్ ఉండాలి కదా."

నీళ్ళలో ఎవరో ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా వస్తున్నారు. టోపీ, నల్ల కళ్ళద్దాలు. ఆ వేషంలో నలభై దాటిన మగవాళ్ళందరూ ఒకేలా ఉంటారు.

"నాలుగో లైన్ చూడు" అంది కందిరీగ మెల్లగా. "తల పైకెత్తే దాకా ఎవరైనా నాన్నే. ఎత్తాక కాదు. మళ్ళీ మునిగితే మళ్ళీ నాన్న."

ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఆ మనిషి మునిగాడు. నేను బెంచీ అంచు మీదికి జరిగాను. ఎడమ భుజం ముందు లేచే ఆ తీరు... తల పైకెత్తాడు. ఎవరో.

"రారని తెలుసులే" అంది పిల్ల. "నేనేం చిన్నపిల్లనా? ఆ ఎనభై ఎవరో తీస్తున్నారు. ఎవరో నీకు తెలిసినట్టుంది, నీ మొహం చూస్తే. చెప్పకు. చెప్పావంటే నీతో మాట్లాడను, ప్రామిస్."

"ఎన్నాళ్ళు ఇలా వస్తావే?"

"అడక్కూడదు" అంది. ఈసారి కోపం లేదు. నా భుజం మీద తల వాల్చింది.

ఆ మధ్యాహ్నం వంటగది బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచాను. మిగిలింది ఒక్క పూట. పచ్చది ఎక్కిస్తే ఖర్చు లేదు. కానీ సాయంత్రానికల్లా మామయ్యగారి ఫోన్లో ఈ ఉదయందానితో కలిపి ఇరవై నాలుగు ఈత టికెట్లు, మనవరాలు ఇంట్లో లేని గంటలతో సహా ప్రత్యక్షమవుతాయి. దాని ఫోన్లో తాతయ్య బయటికెళ్ళే టైముకు పడిన క్షవరాలు కనిపిస్తాయి. లెక్క సరిపోతుంది. ఏడు నెలలుగా ఈ ఇంట్లో తిరుగుతున్న మనిషి అప్పుడు పూర్తిగా చనిపోతాడు. మొదటిసారి షాపువాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. ఈసారి చంపేది నేనే.

నిజం మంచిదే. కానీ ఎవరికి?

మూడోదాని వివరాలు తెరిచి, ఈసారి అక్షరం వదలకుండా చదివాను. నెలకు నూట అరవై. ఐదుగురి దాకా వాడుకోవచ్చు. ఒక్కో సభ్యుడి సొంత ఖర్చుకు తాళం. ఖాతా యజమాని కూడా తెరవలేరు, మొత్తం తప్ప. పాత లెక్కల్లోంచి మొత్తాలే తీసుకుంటుంది, వివరాలు తీసుకోదు. సోమవారం పాత ప్రోగ్రాము మూతపడితే ఆ జాబితా నా లాప్‌టాప్‌లో తప్ప ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

జాబితాను తుడిచేశాను. ఇకమీదట ఆ అంకె తగ్గితే ఎవరు తగ్గించారో నాకు కూడా తెలియదు. నూట అరవై కట్టి నేను కొనుక్కున్నది అదే.

'సభ్యులను ఆహ్వానించండి' అంది తెర. మామయ్యగారికి పంపాను. హాల్లో ఆయన ఫోన్ మోగింది. "ఏదో వచ్చింది అమ్మాయ్, నొక్కేయనా?" అని అరుపు. నొక్కారు. కందిరీగకు పంపాను. పై గదిలోంచి జవాబు లేదు కానీ తెర మీద దాని గడి వెలిగింది.

'నాలుగో సభ్యుడి చిరునామా?'

మా ఆయన మెయిలు చిరునామా కొట్టాను. పంపాను. 'సభ్యుడు తన ఫోన్లో అంగీకరించాలి' అంది.

ఇక్కడ ఆగిపోయాను. ఆ ఫోన్ నా దగ్గర లేదు. షాపువాళ్ళు తెచ్చిచ్చిన సామానులో ఉందో లేదో నాకు గుర్తులేదు. సొరుగంతా తిరగేశాను. లేదు. బీరువాలో లేదు. ఆయన కోటు జేబుల్లో లేదు. ఏడు నెలలుగా చార్జింగు లేని ఫోన్ ఎక్కడుంటే మాత్రం ఏం లాభం? నూట అరవై కట్టి కూడా ముగ్గురమే మిగిలేలా ఉన్నాం.

వంటగదిలోకి తిరిగొచ్చేసరికి తెర మీద నాలుగో గడి వెలుగుతోంది.

'ఆహ్వానం అంగీకరించబడింది.'

కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. హాల్లో మామయ్యగారు ఏదో కూనిరాగం తీస్తున్నారు. పైన కందిరీగ గదిలో నేల మీద ఏదో జరిగిన చప్పుడు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఆ ఫోన్‌ను ఏడు నెలలుగా రోజూ చార్జింగు పెడుతున్నారు. అంతే అయి ఉంటుంది. హాల్లోకి ఆరడుగులు, పైకి పన్నెండు మెట్లు. వెళ్ళి అడిగితే తేలిపోతుంది.

ఆ ఆరడుగులూ వేయలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

'నాలుగో సభ్యుడికి నెలకు ఎంత?' అంది తెర.

పాత మొత్తమే కొట్టాను. కాసేపు దాన్నే చూస్తూ ఉండి, ఇంకో నలభై కలిపాను. బయటికెళ్ళే మనిషి, దారిలో టీ తాగాలనిపిస్తుంది కదా.